తాళంచెవి ఎవరి దగ్గరుంది?

2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్లను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. మరుసటి ఏడు జులైలో మళ్లీ అదే గండం. అటు కడెం నుంచి ఇటు మంథని దాకా వానాకాలంలో బడులు, ఫంక్షన్ హాళ్లు పునరావాస కేంద్రాలు కావడం మనకు అలవాటైపోయింది. బియ్యం వస్తాయి, పప్పు వస్తుంది, టెంట్‌హౌస్ నుంచి జంపఖానాలు దిగుతాయి. నిప్పు సంగతి ఎత్తితే మాత్రం "ఇంత వానల మంటలేంది సార్" అని నవ్వుతారు.

వాన బయట కదా. లోపల కరెంటు పోయి కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. దోమల కాయిల్ చెద్దరు అంచుకు జానెడు దూరంలో కాలుతుంటుంది. కరెంటు వచ్చిందంటే ఊరి ఫోన్లన్నీ ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకే వేలాడతాయి. వరండాలో వండుతుంటే జల్లు కొడుతుంది, వంటవాళ్లు సిలిండర్‌ను లోపలికి జరుపుతారు. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలబారునే పాకుతుంది. మనుషులు పడుకునేదీ ఆ నేల మీదే.

బడి పగటి కోసం కట్టింది. పగలు మంట లేస్తే ఒక సారు కేకేస్తాడు, పిల్లలు గ్రౌండ్‌లో ఉంటారు. అదే గదిలో రాత్రి ఎవరుంటారు? కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో మరిచిన ముసలాయన, పాలు తాగే పిల్లతో బాలింత, చీకట్లో తలుపు ఎటుందో తెలియని పక్క ఊరివాళ్లు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాం పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు. తుక్కు కోసం ఉన్న గోదాంలో మనుషుల్ని పడుకోబెట్టారు. కిందికి దిగడానికి ఇరుకైన మెట్ల దారి ఒక్కటే. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్‌లో 10 మంది పోయారు. అది హోటలే, పడకలకు కట్టిందే. కానీ అప్పుడు దాన్ని కొవిడ్ కేంద్రంగా మార్చారు. లోపలున్నది జబ్బు మనుషులు. కట్టడం వాడకం మారిన రోజే దాని ప్రమాదం కూడా మారుతుంది. ఈ సంగతి మన అధికారుల లెక్కల్లోకి ఇంకా రాలేదని నా ఫిర్యాదు.

పునరావాస కేంద్రం తెరిచారంటే నేను వెళ్లి ముందు వెనక తలుపు చూస్తాను. ఫంక్షన్ హాల్ అయితే ఆ తలుపుకు అడ్డంగా పెళ్లి కుర్చీలు దొంతరలు పేర్చి ఉంటాయి. బడి అయితే కొలాప్సిబుల్ గేటుకు తాళం, చెవి అటెండర్ దగ్గర, అటెండర్ ఇంటి దగ్గర. తాళం తీయించడం సులువనుకోకండి. ఆడవాళ్లే ఒప్పుకోరు. "ఎవడన్న లోపలికొస్తె ఎట్ల సారూ?" అన్న ప్రశ్నకు నియమాల పుస్తకం చదివి జవాబివ్వలేం. వాళ్ల భయం నిజం, నా భయమూ నిజమే. తాళం తీసేసి లోపలి వైపు గడియ పెట్టడం, గడియ దగ్గర వాళ్ల మనిషినే ఒకరిని కూర్చోబెట్టడం తప్ప మధ్యేమార్గం నాకు దొరకలేదు. పొద్దు మునగకముందే ఆ గడియను ముసలివాళ్లతో, పిల్లలతో ఒకసారి తీయించి చూడాలి. నడవలేని వాళ్ల పడకలు తలుపు దగ్గర వేయాలి. మన మర్యాద ప్రకారం పెద్దవాళ్లను గాలి తగలని లోపలి మూలకు పంపుతాం. ఆ మర్యాద ఇక్కడ పనికిరాదు.

పొయ్యి విషయంలో ఆదిలాబాద్ నుంచే నేర్చుకోవచ్చు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశీయులు వేల మంది చేరినా వంట చేసుకునేది తమ విడిది అయిన గోవాడ్‌లోని 22 పొయ్యిల మీదే, వంతులవారీగా. అది వాళ్ల ఆచారం, అగ్నిమాపక శాఖ చెప్పింది కాదు. కానీ నిప్పు ఎక్కడుందో అందరికీ తెలిసిన చోట రాత్రి కాపలా కాయడం ఎంత తేలిక! మన కేంద్రాల్లో కుటుంబానికో స్టవ్ వెలుగుతుంది.

జనం ఇలా గుంపుగా పడుకునే చోట చలికాలం బాధ వేరు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు పడే ఆదిలాబాద్ రాత్రుల్లో కిటికీలు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెడతారు. మంట అంటుకోకపోయినా కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపుతుంది, దానికి వాసన కూడా ఉండదు. కుంపటి బయటే ఉండాలి. బదులుగా ఇంకో రెండు చెద్దర్లు ఇవ్వండి.

మంటలార్పే ఎర్ర సిలిండర్ గోడకు వేలాడుతుంటే అధికారులకు ధీమా. తీరా నొక్కితే అది అర నిమిషం కూడా రాదు, పిన్ను లాగడం తెలిసినవాళ్లు ఆ గదిలో ఉంటారన్న హామీ లేదు. 101కి ఫోన్ చేయవచ్చు, చేయాలి కూడా. కానీ వరదకు రోడ్డు తెగిన ఊరికి ఫైరింజన్ ఎప్పుడొస్తుంది? అందుకే నా పట్టుదలంతా మేలుకుని ఉండే మనిషి మీద. ఇద్దరు, వంతులవారీగా, చేతిలో టార్చ్, మెడలో ఈల. నేను చూసిన కేంద్రాల ఖర్చుల కాగితాల్లో కూరగాయలున్నాయి, డీజిలుంది, ఈ ఇద్దరి కూలి లేదు. వరద రాకముందు తహసీల్దార్లు కేంద్రాల జాబితా వేస్తారు కదా. భవనం పేరు పక్కన ఇంకో మూడు గడులు గీయమని అడుగుతున్నాను: రెండో తలుపు ఎటు, చెవి ఎవరి దగ్గర, రాత్రి మేలుకునేది ఎవరు. మూడో గడిలోని పేర్లకు రోజుకూలి మంజూరు చేయాలి.