చచ్చిన చీమ నడచునా?

రెండు వారముల క్రిందట ఒక ఆదివారము సాయంకాలము, మా యింటి బల్లచుట్టును కూర్చుండి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుచుండగా, ప్రేతవిద్య నేర్చిన మాంత్రికురాలి పాత్ర వహించిన మా మేనకోడలు, గుహలో చచ్చి మూడునాళ్లయి పడియున్న గుఱ్ఱమంత చీమను గూర్చి "మామయ్యా, దీన్ని లేపుతాను. లేస్తుందా?" అని యడిగెను. ఆట నడుపు భారము నాదగుటచే తీర్పు చెప్పవలసినవాడను నేనే. అయినను తోచక, పాచికను బల్లపై నుంచి, "వచ్చేవారం చెప్తానమ్మా" అంటిని.

1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు అమెరికనులు వెలువరించిన యీ ఆటలో మృతులను లేపు మంత్రము మొదటినుండియు నున్నదే. 2003లో సవరింపబడిన మూడవ కూర్పు మాత్రము, అస్థిపంజరముగా గాని జాంబీగా గాని లేవవలసిన ప్రాణికి అస్థివ్యవస్థ యుండవలెనని విధించినది. చీమకు మనవంటి యెముకలు లేవు. కాని దాని పైపెంకే దానికి పంజరము, కండరములన్నియు లోపలినుండి ఆ పెంకునే పట్టుకొని పనిచేయును. ఎముక మాంసములో నుండుట మన రీతి, మాంసమే యెముకలో నుండుట దాని రీతి. కావున ఆ యొక్క మాటను పట్టుకొని ఔననియు వాదింపవచ్చును, కాదనియు వాదింపవచ్చును. ఆ వాదములో చీమ మాత్రము కనబడదు.

ఆ వారములోనే బీరువా వెనుక దుమ్ము తుడుచుచు ఒక చచ్చిన సాలీడును చూచితిని. కాగితముపైకి తీసి అగ్గిపుల్లతో త్రిప్పి చూడగా, ఎనిమిది కాళ్లును పిడికిలివలె పొట్టక్రిందికి బిగిసియున్నవి. సాలీటి కాళ్ల ముఖ్యమైన కీళ్లలో ముడుచుటకు కండరములు కలవు గాని చాచుటకు లేవు. బ్రతికియున్నంతకాలము అది దేహద్రవమును ఒత్తిడితో కాళ్లలోనికి నెట్టి చాచుకొనుచుండును, ప్రాణము పోయినంతనే ఆ యొత్తిడి తగ్గి కాళ్లు ముడుచుకొనును. 2022లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చచ్చిన వుల్ఫ్ స్పైడర్ దేహమున సూది గ్రుచ్చి గాలి యెక్కింపగా కాళ్లు విచ్చుకొన్నవి. గాలి తీయగా ముడుచుకొని ఎదుటి వస్తువును పట్టి, సాలీటి బరువును మించిన బరువును ఎత్తినవి. ఇందు మంత్రమేమియు లేదు. ఆ ప్రాణి బ్రతికినపుడు ఎట్లు కదలెనో వారు ఎఱిగిరి, అంతియే. ఇక నా యాటలో సాలీడును లేపగోరు మాంత్రికుడు దానికి ఎముకలను గాక ఊపిరిని సమకూర్పవలెను. ఎవరైన నొకరు దాని పెంకును బల్లెముతో పొడిచినచో కాళ్లన్నియు ఒక్కసారిగ ముడుచుకొని కూలిపోవలెను.

కదలిక సంగతి యిట్లు తేలినను, లేచిన శవము మనలను ఏల భయపెట్టునను సంగతి మిగిలెను. ఆటయొక్క ఆ మూడవ కూర్పులో చీమకును బుద్ధి లేదు, లేచిన జాంబీకిని లేదు. లేనిది పోయినదని వగచుట యెట్లు? మన బేతాళ కథలో విక్రమార్కుని భుజముపైనున్న శవము మాటలాడుటచేతనే మనకు ఒడలు జలదరించును. చీమకు అట్టి వాక్కు లేదు. కాని దానికి వాసన కలదు. చచ్చిన చీమ ఒకటి రెండు దినములు పుట్టలో పడియున్నను తోడిచీమలు పట్టించుకొనవు. దేహమున ఓలియిక్ ఆమ్లము పుట్టి వాసన వేసిన పిమ్మట దానిని ఎత్తి చెత్తకుప్పకు చేర్చును. ఎడ్వర్డ్ విల్సన్ మొదలగువారు 1958లో ప్రకటించిన పరిశోధనలో, ఆ ద్రవ్యమును పూసిన బ్రతికియున్న చీమలను సయితము తోడిచీమలు, అవి కాళ్లు తన్నుకొనుచున్నను, కుప్పపై పడవేసినవి. ఒడలు తుడుచుకొని వాసన పోగొట్టుకొనువఱకు వాటికి పుట్టలో చోటు లేకపోయెను. మృత్యువనగా నేమో చీమలకును ఒక నిర్ణయమున్నదని ఇది చదివినపుడు నాకు తోచెను. లేపబడిన చీమ భయంకరమగునది మన కంటికి గాదు, తనవారి నడుమ.

కథ నడుపువానికి ఇంతకన్న పెద్ద ధర్మము లేదని నా విశ్వాసము: ఎంత చిన్న ప్రాణినైనను చావునుండి లేపదలచినచో, అది యెట్లు బ్రతికెనో, తనవారు దాని నెట్లు సాగనంపుదురో ముందుగ తెలిసికొనవలెను.

మరుసటి ఆదివారము "లేస్తుందమ్మా" అని చెప్పితిని. చీమ లేచి, ఆజ్ఞకు లోబడి, సొరంగములో మా జట్టుకు ముందు నడచెను. పుట్టలోని చీమలు ఎదురు వచ్చినవి గాని పోరాడలేదు; రెండు చీమలు దానిని నోట కఱచి ఎత్తి, మృతుల కుప్పపై దింపి వెళ్లినవి. అది లేచి తిరిగివచ్చెను. మఱల మోసికొనిపోయినవి, మఱల వచ్చెను. మూడవమారు వచ్చినపుడు మా మేనకోడలు చేతిలోని పాచికను వేయక, "వాళ్లే మోసుకుపోతున్నారు కదా మామయ్యా, పోనీ" అని మంత్రమును ఉపసంహరించుకొనెను. నాలుగవమారు మోసికొనిపోయిన చీమ మఱి తిరిగి రాలేదు.