‘రన్’కు తెలుగేది?

ఇంగ్లీషు గొప్పతనం చెప్పవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు తరచుగా ఎత్తి చూపే సంగతి ఒకటున్నది. చిన్న మాటకు వందల అర్థాలున్న భాష అది, అటువంటి మాట మనకొకటైనా ఉన్నదా అని. ఈ వాదానికి దొరికిన గట్టి ఆధారం ‘రన్’ అనే క్రియ. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు తొలి కూర్పు 1928లో పూర్తయింది. అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు ‘సెట్’ అనే మాటది. 1989 నాటి రెండవ కూర్పులోనూ 430 దాకా అర్థాలతో దానిదే పైచేయి. తరువాత సవరణ పని చేపట్టిన వారిలో పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ‘రన్’ ఒక్కదాని ముందే తొమ్మిది నెలలు కూర్చున్నాడు. 2011 నాటికి క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. నామవాచకంగా ఉన్నవి దీనిలో చేరవు.

ఆ శ్రమకు నమస్కారం పెట్టవలసిందే. కాని ఆ లెక్క చూసి మనం చిన్నబోవలసిన పని ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. 1755లోనే డాక్టర్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలో రావడం, పోవడం, ఇవ్వడం, పెట్టడం, పరుగెత్తడం వంటి అతి మామూలు క్రియల దగ్గరే తన కలం తడబడిందని చెప్పుకున్నాడు. అవి బతికున్న భాషలో మాట్లాడేవాళ్ళ నోళ్ళలో పూటపూటకూ బంధుత్వాలు మార్చుకుంటుంటాయి గనుక పూర్తిగా కట్టివేయడం సాధ్యం కాదన్నది ఆయన అభిప్రాయం. బంధుత్వాలన్నదే అసలు మాట. ‘రన్’ పక్కన ‘ఔట్’ చేరితే ఒకటి, ‘డౌన్’ చేరితే ఒకటి, ‘ఇన్‌టు’ చేరితే ఇంకొకటి. ముందు ఏది కర్తగా నిలిచిందన్న దానిని బట్టి మళ్ళీ మారుతుంది. ముక్కు ‘రన్’ అయితే జలుబు, చీర రంగు ‘రన్’ అయితే చాకిరేవు తగవు, మనిషి ‘రన్’ అయితే వెనకాల కుక్క ఉండవచ్చు. వీటిలో అర్థమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నదనుకోవడం వెలుగంతా అద్దంలోనే ఉన్నదనుకోవడం వంటిది.

పుట్టుక చూస్తే దీని గుట్టు కొంత తెలుస్తుంది. ఇంగ్లీషుకు దాయాది అయిన జర్మన్‌లో ఈనాటికీ ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం, ‘రిన్నెన్’ అంటే నీరు పారడం. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. కాళ్ళ పరుగూ నీటి పరుగూ ఒకటైన తరువాత, కదిలేదల్లా అందులోకి వచ్చి చేరింది. మరలు వచ్చాక, రైళ్ళు వచ్చాక సంతానం మరీ పెరిగింది.

మనకు అటువంటి మాట లేదా? ఉన్నది. శకటరేఫంతో రాసే ‘పాఱు’. పాత కవుల దగ్గర అది పరుగెత్తడమూ అవుతుంది, ప్రవహించడమూ అవుతుంది. ఈనాడు మనిషి పరుగు ‘పారిపోవు’లో మాత్రం మిగిలి, తక్కినదంతా నీళ్ళకు దక్కింది. నీళ్ళకైనా పూర్తిగా దక్కనివ్వలేదు మన వాచకాలు, ‘నది ప్రవహించుచున్నది’ అని నేర్పాయి. రైతు మాత్రం మడికి నీళ్ళు పారించడం మానలేదు. పాచిక పారడంలో ఇంకొక అర్థం దాగి ఉన్నది. గొర్రెలకూ మేకలకూ వచ్చే విరేచనాల జబ్బును కాపరులు ‘పారుడు రోగం’ అంటారు, పశువైద్యులూ అదే పేరు వాడుతున్నారు. ఇంగ్లీషువాడు కడుపు చెడితే ‘రన్స్’ అంటాడు గదా! ఎక్కడి గొర్రెల కాపరి, ఎక్కడి లండను నగరం. ఇద్దరికీ తట్టిన ఊహ ఒకటే.

అయితే ‘రన్’ చేసే పనులన్నిటికీ మనం ‘పారు’ను వాడలేదు. పని పంచి పెట్టుకున్నాం. ముక్కు కారుతుంది. ఫ్యాను తిరుగుతుంది. తీగ గోడమీద పాకుతుంది. అభ్యర్థి నిలబడతాడు. జ్వరం కాస్తుంది. స్నేహితుడు తారసపడతాడు. తల్లి బిడ్డ జుట్టులోకి వేళ్ళు పోనిస్తే ఇంగ్లీషులో అదీ ‘రన్’ చేయడమే, తెలుగులో అది నిమరడం. నిమరడమన్న మాటలోనే ప్రేమ ఉన్నది, వేరే విశేషణం అక్కర్లేదు. బియ్యం ‘రన్ ఔట్’ అయితే మన ఇళ్ళలో అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఇంట్లో లేమి పలకగూడదని, దీపం ఆరితే కొండెక్కిందన్నట్టుగా, లేకపోవడాన్ని నిండడమన్నారు. 645 అర్థాలలో ఏదీ ఈ మర్యాదను అందుకోలేదు.

అన్నిటికన్నా నాకు విచిత్రంగా తోచేది, ఇంగ్లీషులో పరుగెత్తేవి మన దగ్గర చాలావరకు నడవడం. బండి నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, బడి నడుస్తుంది, వ్యాజ్యం నడుస్తుంది, పత్రిక కూడా, ఎట్లాగో, నడుస్తుంది. మనిషి గుణానికి సైతం నడత, నడవడి అని ఈ మాట నుంచే పేరు పెట్టాం. వచనం బాగుంటే దాని నడక బాగుందంటాం. దీనిని బట్టి తెలుగువాడు నిదానస్తుడని తేల్చేవాళ్ళు తేల్చవచ్చు, నేను అంత దూరం పోను. ఎందుకంటే ఫ్రెంచిలోనూ గడియారం, యంత్రం నడుస్తాయి, ‘మార్షే’ అంటే నడవడమే. 1954 దాకా ఫ్రెంచి పాలన చూసిన యానాంలో పాత తరం వారు ఈ పోలికను గమనించే ఉంటారు.

సినిమా సంగతి ఇంకా తమాషా. ఇంగ్లీషులో వంద రోజులు ‘రన్’ అయిన బొమ్మ తమిళంలోనూ, కన్నడంలోనూ ‘ఓడు’తుంది, అంటే పరుగెడుతుంది. మరాఠీలో, ఒడియాలో నడుస్తుంది. తెలుగులో ఆడుతుంది. గానుగ ఆడినట్టు, పిండిమర ఆడినట్టు, బొమ్మలాట ఆడినట్టు. మదురైలోనో హోసూరులోనో ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడేవాడు సినిమా బాగా ‘ఓడుతోంది’ అంటే అక్కడివాళ్ళకు అది విజయవార్త. అదే మాట గుంటూరు నుంచి వచ్చిన బంధువు చెవిని పడితే పాపం నిర్మాత గతి ఏమయిందో అనుకుంటాడు, మనకు ఓడడమంటే గెలవకపోవడం గనుక. సరిహద్దు తెలుగువాడికి ఇటువంటివి దినమూ ఎదురవుతాయి. దీనిని కల్తీ అని చిన్నచూపు చూసే పండితులతో నాకు పేచీ ఉన్నది. రెండు భాషల క్రియలను రెండు చేతుల్లో పట్టుకున్న మనిషికి, ఏ మాట ఎక్కడ చెల్లుతుందో ఒక్క భాష మాత్రమే వచ్చినవాడి కన్నా బాగా తెలుస్తుంది.

ఈ తెలివి మన చిన్న నిఘంటువులకు లేకపోవడమే విచారం. 1852లో మద్రాసు వేపేరిలో అచ్చయిన బ్రౌను నిఘంటువు బలమంతా ఆయన పోగుచేసిన ప్రయోగాలలో ఉన్నది. కావ్యం నుంచీ తెచ్చాడు, సంత నుంచీ తెచ్చాడు, మాట పక్కన దాని సావాసాన్ని చూపించాడు. ఈనాడు పిల్లల సంచుల్లో ఉండే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులలో పెక్కింటిలో ‘రన్’ ఎదుట ‘పరుగెత్తు, పారు, నడుపు’ అని కామాలు పెట్టి వదిలేశారు. ఏది దేనికో చెప్పరు. అందులో మొదటి మాటను పట్టుకున్న అనువాదకుడు ‘ఇన్ ది లాంగ్ రన్’కు ‘దీర్ఘమైన పరుగులో’ అని రాస్తాడు. చివరకు, పోనుపోను, కాలక్రమాన అనే మాటలు అతని నోట లేవా అంటే ఉన్నాయి, నిఘంటువులో లేవు. అమెరికా అభ్యర్థి పదవికి ‘రన్’ చేస్తాడు, ఆంగ్లేయుడు మనలాగే నిలబడతాడు. వార్తలు అమెరికా ఇంగ్లీషులో వస్తున్నందువల్లనేమో, మన పత్రికలలో నిలబడడం తగ్గి ‘రేసులో ఉండడం’ పెరిగింది.

పరుగు అన్న అనువాదం నూటికి నూరుపాళ్ళు కుదిరింది క్రికెట్‌లో. బంతి గీత దాటితే ఆటగాడు అడుగైనా కదపకుండా నాలుగు పరుగులు వస్తాయి, అది వింతగా ఎవరికీ తోచదు. వాడగా వాడగా మాటకు కొత్త అర్థం పడుతుంది. కనుక అనువాదం చేయగూడదనిగాని, అరువు పనికిరాదనిగాని నా వాదం కాదు. బస్సు, రైలు, కోర్టు, నోటు వచ్చాయి, వచ్చినందువల్ల తెలుగుకు నష్టమేమీ కలగలేదు. నామవాచకం అతిథి వంటిది, వసారాలో కూర్చుంటుంది.

భయమంతా క్రియలతోనే. ‘షాపు రన్ చేస్తున్నాడు’, ‘మోటారు రన్ అవుతోంది’, ‘సినిమా రన్ అవుతోంది’, ‘స్కూలు రన్ చేయడం కష్టం’. చేయు, అవు అనే రెండు తలుపులు తీసి ఉంచిన ఇల్లు మనది. వెనుక సంస్కృతం ఆ దారినే వచ్చింది, ప్రయాణం చేసింది, ఆరంభం అయింది. అయితే సంస్కృతం ఎక్కువగా పెద్దమాటల జోలికి పోయింది, పెరట్లోని చిన్న క్రియలను చాలావరకు వాటి మానాన వాటిని వదిలింది. ‘రన్ చేయు’ అట్లా కాదు. నడుపు, ఆడించు, తిప్పు, సాగించు, వెళ్ళదీయు అనే అయిదారింటిని ఒక్కటే మింగుతుంది. దుకాణం నడపడం వేరు, కాపురం వెళ్ళదీయడం వేరు. రెండవ దానిలో ఉన్న కష్టం మొదటి దానిలో లేదు. రెంటినీ ‘రన్ చేయడం’ అన్నవాడికి ఆ తేడా చెప్పడానికి ఇంకొక వాక్యం కావాలి.

ఇది ఆంధ్ర, తెలంగాణలలోనూ జరుగుతున్నదే. అక్కడ బడి, పత్రిక, సంత, కచేరీ ఏదో ఒకటి ఆ పాత క్రియను తిరిగి వినిపిస్తుంది. బయట ఉన్న మనకు ఆ మాటలు వినిపించే చోటు చాలా ఇళ్ళలో వంటగది ఒక్కటే. అక్కడ అవ్వ ‘పిండి ఆడించుకురారా’ అంటే మనవడికి బోధపడుతున్నదా అన్నది చూసుకోవాలి. సినిమా ఆడడం, మర ఆడడం ఒకే క్రియ అని వాడికి ఎవరూ చెప్పరు, చెప్పవలసిన పనీ లేదు. రెండూ చెవిని పడితే చాలు, తక్కినది వాడే కలుపుకుంటాడు.

ఈ క్రియల పట్టిక ఎవరైనా వేయదలిస్తే 645 దాకా పోనక్కరలేదు. బరంపురంలో, కోలారులో, కోవిల్‌పట్టిలో, షోలాపూరులో, యానాంలో ‘రన్’ అనదగిన యాభై సందర్భాలు తీసుకుని, ఏ ఊళ్ళో తెలుగువాళ్ళు ఏ క్రియ వాడుతున్నారో రాసుకుంటే సరిపోతుంది. బోరుబావి మోటారుతో మొదలుపెట్టవచ్చు. అది కొన్నిచోట్ల ఆడుతుంది, కొన్నిచోట్ల తిరుగుతుంది, కొన్నిచోట్ల నడుస్తుంది.