రాయలసీమ కథలలో జాతియుఁ జుట్టఱికమును

జాతిశబ్దము తెనుఁగున బహ్వర్థకము. పుట్టుక, కులము, మతము, దేశప్రజ, తుదకుఁ బశుపక్షివర్గములు సైత మీ యొక్క మాటచేతనే వ్యవహరింపఁబడుచున్నవి. ఆ యర్థభేదములను నిఘంటువులు చెప్పును. సామాన్యజనులు దాని నెట్లు వాడుదురో తెలియుటకుఁ గథలును, బాటలును, దిరునాళ్లును జూడవలయును. కర్నూలు, కడప సీమల యైతిహ్యము లిట్టి విచారమునకు మిక్కిలి యనుకూలములు.

అహోబల నరసింహుఁడు చెంచుకన్యను బెండ్లాడెను. సంక్రాంతి పిమ్మట జరుగు పారువేటలో స్వామి పల్లకి నలువదిదినములకుఁ బైగా నూరూరఁ దిరుగును. తన పెండ్లికిఁ దానే పిలువవచ్చెనని జనులందురు. శ్రీశైలమున మల్లికార్జునుఁడు చెంచులకుఁ 'జెంచు మల్లన్న', ఇంటి యల్లుఁడు. 2022 వఱకుఁ గర్నూలు జిల్లాలోనుండి, యిప్పుడు నంద్యాల జిల్లాలోఁ జేరిన యీ రెండుక్షేత్రములకుఁ దోడు దేవునికడప మూఁడవది. అచ్చట నుగాదినాఁడు మహమ్మదీయులు వేంకటేశ్వరుని దర్శింతురు. బీబీ నాంచారి తమ యింటి యాఁడుబిడ్డ యని వారి నమ్మకము. "వీఁ డే జాతివాఁడు?" అను ప్రశ్నకు నీ మూఁడుకథలును సమాధానము వెదకవు, "వీఁడు నా కేమగును?" అని ప్రశ్ననే మార్చును.

ప్రశ్న మాఱినంతమాత్రమున భేదము మాయమగునని తలఁపరాదు. చెంచులక్ష్మికథను బాడు యక్షగానములలో సవతుల వాదము ముఖ్యఘట్టము. ఆదిలక్ష్మి చెంచెత పుట్టుకను, దిండిని, గట్టును నెగ్గుచేయును. చెంచెత యా యడవినే, యా వేఁటనే, యా తేనెనే తనకు బిరుదములుగాఁ జెప్పికొనును. ఇచట నింద దాఁపఁబడలేదు. దానికి బదులుచెప్పు నోరును గవి యిచ్చినాఁడు. ఈ కథల బలమిందే కలదు.

వేమన కులగర్వమును సూటిగాఁ గొట్టెను. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మము దూదేకుల సిద్దయ్యను శిష్యునిగాఁ గైకొనెను. ఆ కులమువారిలో వినవచ్చు హుసేనప్ప, దస్తగిరమ్మ యను పేళ్లలో మొదటిభాగము మతమును, దుది 'యప్ప'యు 'నమ్మ'యు సీమభాషను దెలుపుచున్నవి. రెంటిలో నొకదాని నెన్నుకొమ్మని యడుగువారికి వారి పేరే యుత్తరము.

కొందఱీ కథలను సామరస్యమునకు నిదర్శనములని మెచ్చి యంతటితో నూరకుందురు. అది చాలదు. మూఁడుకథలలోను గోవెల వరుఁడే. అడవియో, యన్యమతమో వధువును గన్నది. ఈ దిక్కు మాఱినకథ వీనిలో లేదు. దేవుఁడు చేసిన పెండ్లి మనుష్యులకు ననుమతి కాలేదు. అంబేడ్కరు 1936లోఁ బ్రకటించిన 'కులనిర్మూలనము'న వర్ణాంతరవివాహమే నిజమైన మందని చెప్పుట కిదియే హేతువు.

అమెరికాలోఁ దెల్లవారు నల్లవారిని బెండ్లాడరాదను రాష్ట్రశాసనములను సర్వోన్నతన్యాయస్థానము 1967లోఁ గొట్టివేసెను. అంతకుముందు దక్షిణరాష్ట్రములలోఁ దెల్లవారు ముదిసిన నల్లవారిని 'అంకుల్', 'ఆంట్' అని పిలుచుచుండిరి; 'మిస్టర్', 'మిసెస్' అను గౌరవపదముల నీయకుండుటకే యా చుట్టఱికము. కావునఁ జుట్టఱికపుమాట యెల్లెడల సమత్వమును దెలుపదు.

తెనుఁగున నీ సంగతిఁ గనిపెట్టుటకు వ్యాకరణమే సాధనము. 'మామా' యను పిలుపునకుఁ బిదప 'రమ్ము' వచ్చెనా, 'రండు' వచ్చెనా యని చూడవలయును. పిలుపు బంధుత్వమును జెప్పును. క్రియ యంతరువును జెప్పును. చిన్నవాఁడు పెద్దవానిని మామా యని పిలిచి యేకవచనమునఁ బలికినచోఁ, దనవారిలోని పెద్దల నట్లే పలుకునా యని విచారింపవలయును. పలుకఁడేని యా పిలుపులోఁ గులము దాఁగియున్నది.

జానపదవాఙ్మయమును సేకరించువారు కథాంశముతోఁ దృప్తినొందక, యెవ్వ రెవ్వరి నేమని పిలిచిరో, యే వచనమునఁ బలికిరో యున్నదున్నట్లు వ్రాసికొనవలయును. మర్యాదకొఱకు బోధకులు క్రియలను దిద్దినచో సాక్ష్యమే చెడును. చెంచెతకు యక్షగాన మిచ్చిన నోటిని బాఠశాల మూయరాదు.