కుట్లు ఊడవు, లేచి నడవండి

కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చెల్పూర్‌లో అయినా, దాని చుట్టుపక్కల భూపాలపల్లి పల్లెల్లో అయినా, ఆపరేషన్ చేయించుకున్న మనిషి చెవిన తరచుగా పడే మాట ఒకటే: "కదలకు బిడ్డా, కుట్లు ఊడుతయి." చూడవచ్చిన చుట్టాల ప్రేమకు లోటుండదు. ఆ ప్రేమే రోగిని మంచానికి కట్టేస్తుంది.

ఒకప్పుడు సర్జన్లూ ఇదే చెప్పేవారు. కడుపు కోసిన రోగిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. షికాగోలో ఎమిల్ రీస్ 1899లోనే తన రోగులను త్వరగా లేపి, ఆ అనుభవాన్ని ప్రచురించాడు. తోటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలూ నర్సులూ చాలక రోగులను తొందరగా నడిపించాల్సి వచ్చాకే ఈ పద్ధతికి ఊపొచ్చింది. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ నొప్పిని అదుపు చేయడం, తొందరగా తిండి పెట్టడం, తొందరగా నడిపించడం కలిపి ఒక క్రమం ఏర్పరిచాడు.

పడుకునే ఉంటే కాళ్లలో రక్తప్రసరణ మందగించి గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. ఊపిరి పైపైనే ఆడి, కఫం పేరుకుని నిమోనియాకు దారితీయొచ్చు. కండలూ కరుగుతాయి, వృద్ధులకు మరీ తొందరగా.

మరి కుట్లు? కడుపు గోడను పట్టి ఉంచే లోపలి కుట్లు మామూలు నడకను తట్టుకునేలా వేసినవే. బరువులెత్తినా, గట్టిగా ముక్కినా, గాయానికి చీము పట్టినా భయపడాలి.

ఈ సంగతి అందరికన్నా ముందు తెలియాల్సింది బాలింతల ఇళ్లలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే అత్యధికం. పైగా కాన్పు తర్వాత కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. ఆ వారాల్లోనే బాలింతను మంచం దిగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి.

లేవడానికీ పద్ధతుంది. నొప్పి మాత్ర పని మొదలుపెట్టాక పక్కకు తిరిగి, మోచేతి ఊతంతో లేచి, కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు కూర్చోవాలి. కళ్లు తిరగకపోతే, కుట్ల మీద దిండు అదిమిపట్టి, సిస్టర్ తోడుతో నిలబడాలి. మొదటిసారి బాత్రూం దాకా నడిచినా చాలు. మూత్రం సంచి ఉంటే నడుము కిందే పట్టుకోవాలి.

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల వార్డుల్లో రోగితోపాటు, వెంట ఉండే అత్తకో అమ్మకో కూడా ఈ నాలుగు మాటలు నేర్పాలి. ఇంట్లో లేపాల్సింది వాళ్లే.

వెన్నెముక ఆపరేషన్లు, కొన్ని ఎముకల విరుగుళ్లకు లెక్క వేరు. అక్కడ డాక్టరు చెప్పినప్పుడే లేవాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా నడక ఆపి, వెంటనే దవాఖానకు వెళ్లండి.