కుంచె పట్టిన అక్షరం

ఫ్లెక్సీలు ఎన్ని వచ్చినా బత్తలపల్లి కూడలిలో నా కన్ను కుంచెతో రాసిన బోర్డు మీదే ఆగుతుంది. పెయింటరు 'ధర్మవరం' అని రాస్తుంటే చూడాలి. సుద్దపొడి అద్దిన దారం లాగి కొట్టి గీత వేసుకుంటాడు. ముందు అక్షరం ఒళ్లు, తర్వాత తలకట్టు. 'ర' కింద 'మ' ఒత్తుకు చోటు ముందే వదులుతాడు. వంపు తిరిగేచోట ఊపిరి బిగబట్టి, చదును కుంచెను వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతాడు. ఎంత నిబ్బరం!

ఏ గీత ముందు, ఏది తర్వాత అన్నదాంట్లో చైనా పిల్లలూ అంతే, పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి వరస తప్పకుండా దిద్దుతారు. 'యోంగ్' అనే ఒక్క అక్షరంలోని ఎనిమిది రకాల గీతలతో కుంచె సాధన చేస్తారు. మన పెయింటరు వరస పుస్తకం చూసి పట్టుబడింది కాదు, గురువు పక్కన రంగు డబ్బా పట్టుకుని నేర్చుకున్నది. అందుకే ఒకరి 'ధ' ఇంకొకరి 'ధ'లా ఉండదు.