మంద్ర షడ్జం కదలకూడదు

బాస్ గిటార్‌కి ఏ ఫ్లాంజర్ పెడల్ కొనమంటారని అడిగే కుర్రవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఒకటే. దుకాణానికి వెళ్ళేలోపు జీవ వేసిన తంబురా దగ్గర పావుగంట కూర్చోండి. పులికాట్ ఒడ్డున సూళ్ళూరుపేట, తడ చుట్టుపక్కల వాళ్ళకి సంగీతం సామాను కొనాలంటే మద్రాసు దారే అలవాటు. ఈ ఒక్క పనికి మాత్రం తిరుపతి వైపు వెళ్ళమంటాను. దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల అక్కడుంది, అన్నమయ్య కీర్తన పాడే గొంతులు అక్కడున్నాయి. తిరుమల కొండ మీద దేవగాయకుడు తుంబురుడి పేరున తీర్థమే ఉంది. ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి జరిగే ఆ కోనలోనే కవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిందని చెప్పుకుంటారు. తంబురా ఏమిటో తెలుసుకోవడానికి అంతకంటే తగిన ఊరు నాకు తెలియదు.

కచేరీలో తంబురాని ఎవరూ పట్టించుకోరు. దానికి మెట్లు లేవు, రాగం లేదు, తాళంతో పని లేదు. ఉన్నవి నాలుగే తీగలు. మొదటిది పంచమం. తర్వాతి రెండు సారణి, అనుసారణి. రెండూ మధ్య షడ్జమే. చివరిది లావుపాటి ఇత్తడి తీగ, మంద్ర షడ్జం. మధ్యవేలితో పంచమాన్ని, చూపుడువేలితో మిగతా మూడింటినీ మీటుతారు. గోరు తగలకూడదు, వేలి కండే తగలాలి. పాట దూకుడు మీదున్నా, విలంబంలో ఉన్నా మీటే వేగం మారకూడదు. బుర్రకథలో కథకుడు భుజాన వేసుకుని దరువుకి సరిపడా వాయించే తంబురా దారి వేరు. అది కథను ముందుకు నడుపుతుంది. ఇది పాటను ఒకచోట నిలబెడుతుంది.

అసలు విద్యంతా తీగలు ఆనే గుర్రం మీద ఉంది. గుర్రం పైభాగం బల్లపరుపుగా ఉండదు, కంటికి ఆననంత ఒంపు ఉంటుంది. ఆ ఒంపుకీ తీగకీ మధ్య సన్నటి నూలుపోగు ఒకటి దూరుస్తారు. కొందరు పట్టుదారం వాడతారు. అదే జీవ. ముందు బిరడ తిప్పి, పూస జరిపి శ్రుతి కలుపుతారు. తర్వాత దారం రెండు కొసలూ పట్టుకుని, ఒక పక్క తీగ మీటుతూనే, గుర్రం మీద దాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతారు. ఒకచోట తీగ మొద్దుగా మోగుతుంది. కాస్త అటు జరిగితే గరగరలాడుతుంది. ఆ రెంటి మధ్య ఒకే ఒక్క చోట స్వరం విచ్చుకుంటుంది. మీటిన షడ్జం కింద స్థిరంగా ఉంటుంది, దాని మీద పై స్వరాలు ఒకదాని వెనక ఒకటి మెరిసి దిగిపోతాయి. మంద్ర తీగ మీద చెవి పెడితే ఎవరూ మీటని అంతర గాంధారం వినిపిస్తుంది. మంద్ర షడ్జానికి ఐదు రెట్లు కంపించే స్వరం అది. శ్రుతి పిసరంత తప్పినా ఆ గాంధారం వినబడకుండా పోతుంది. అందుకే తంబురా సరిగా కలిసిందా లేదా అన్నదానికి పెద్దలు దాన్నే సాక్ష్యం అడుగుతారు. నాలుగు తీగలకీ నాలుగు దారాలు, నాలుగూ విడివిడిగా సర్దాలి. శ్రుతి మార్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ ఒంపు చేసే పనిని సి.వి. రామన్ 1921లో వీణ, తంబురాల మీద రాసిన పరిశోధన పత్రంలో వివరించారు. విశాఖపట్నంలో పెరిగిన మనిషి ఆయన. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. తీగను ఎక్కడ మీటితే, ఆ చోట కదలిక ఉండని పై స్వరాలు పుట్టకూడదని యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల సూత్రం. సరిగ్గా నడిమధ్య మీటితే రెండోది, నాలుగోది, ఆరోది వినిపించకూడదు. తంబురాలో, వీణలో అలా పుట్టకూడని స్వరాలు కూడా నిండుగా పలుకుతాయని రామన్ చూపించారు. తీగ ఊగుతూ గుర్రం ఒంపుని తాకి విడిచి, తాకి విడిచి వాటిని పుట్టిస్తుంది. ఏ శాస్త్రవేత్తా చెప్పకముందే ఆ ఒంపుని ఆకురాయితో పట్టుకున్న చేతులు మన వడ్రంగులవి. తలుచుకున్నప్పుడల్లా నాకు వాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక బాస్ గిటార్ సంగతి. ఒకటి శ్రుతికి కలిపిన తంబురాలో మంద్ర షడ్జం సుమారు 65 హెర్ట్జ్. బాస్ గిటార్ 'ఎ' తీగ మీద మూడో మెట్టు నొక్కితే పలికేదీ అదే 65. ఆడవాళ్ళు పాడే ఐదు శ్రుతిలో మంద్ర తీగ 98కి వస్తుంది, బాస్ 'జి' తీగ వదిలేసి మీటితే అదే. ఈ రెండు వాద్యాల అడుగు ఒకే నేల మీద ఉంది. చేసే పనీ ఒకటే, పాటకి కింద నుంచి ఆసరా ఇవ్వడం. అలాంటి స్వరం మీద మెరుపు కావాలంటే తంబురాది అనుభవం పండిన దారి.

ఫ్లాంజర్ పుట్టింది టేపుల కాలంలో. ఒకే ధ్వనిని రెండు యంత్రాల మీద ఆడించి, ఒకదాన్ని సెకనులో కొన్ని వేల వంతులు ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతే ధ్వని అలలా తిరుగుతుంది. 1966లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ బీటిల్స్ కోసం చేసిన టేపు ఏర్పాటు ఈ పద్ధతికి పేరు తెచ్చింది. 1969లో ఫిలిప్స్ వాళ్ళు ధ్వనిని కాసేపు ఆపి వదిలే చిప్ కనిపెట్టారు. దాంతో ఆ టేపు యంత్రాలన్నీ కాలి కింద పట్టే డబ్బాలోకి వచ్చేశాయి. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ 1976 నాటిది. గుర్రం ఒంపు చేసేదీ, ఈ చిప్ చేసేదీ భౌతికశాస్త్రం లెక్కన ఒకటి కాదు. ఒంపు కొత్త స్వరాలని పుట్టిస్తుంది. ఫ్లాంజర్ ఉన్న స్వరాల్లోంచి కొన్నిటిని వంతులవారీగా తీసేస్తుంది. చెవికి మాత్రం రెండూ పై స్వరాల కదలికగానే అందుతాయి.

బాస్‌కి చిక్కంతా ఆ తీసెయ్యడంలోనే ఉంది. రెండు ధ్వనులూ సమపాళ్ళలో కలిసినప్పుడు, ఆలస్యం సెకనులో వెయ్యోవంతు ఉంటే 500 హెర్ట్జ్ దగ్గర మొదటి గండి పడుతుంది. ఐదు వెయ్యోవంతులైతే 100 దగ్గర. ఏడున్నర దాటగానే 65 దగ్గర, అంటే సరిగ్గా మంద్ర షడ్జం మీద. గిటార్ వాద్యకారుడికి ఇది పట్టదు, ఆ లోతులో అతనికి స్వరమే లేదు. బాస్ వాయించేవాడికి మాత్రం అల తిరిగిన ప్రతిసారీ కింద నేల జారిపోతుంది. డ్రమ్స్ ఒక్కటే మిగిలినట్టు పాట పలచబడుతుంది. కాబట్టి బాస్‌కి పనికొచ్చే ఫ్లాంజర్ అడుగు స్వరాలని తాకకుండా వదిలి, పైవాటినే కదపాలి. ఎంఎక్స్ఆర్ బాస్ కోరస్ డీలక్స్‌లో ఫ్లాంజర్ మీట ఉంది, అడుగు స్వరాలని పక్కన పెట్టే క్రాస్ఓవర్ మీటా ఉంది. బాస్ (Boss) కంపెనీ బిఎఫ్-3లో బాస్ గిటార్‌కి విడిగా ఇన్‌పుట్ ఇచ్చారు. ఏ పెడల్ అయినా అసలు ధ్వనినీ, తిప్పిన ధ్వనినీ పాళ్ళు మార్చి కలుపుకునే వీలుంటే సగం గండం గట్టెక్కినట్టే. పేరున్న కంపెనీదే అయినా అడుగు స్వరం నిలవనిదాన్ని నేను కొనమనను.

పెడల్‌లో చూడాల్సిన రెండోది నిశ్శబ్దం. పాత చిప్‌ల పెడల్‌కి స్వతహాగా బుసబుస ఉంటుంది. మామూలు బుస అయితే చెవి మరిచిపోతుంది. ఫ్లాంజర్‌లో ఆ బుస కూడా అలలాగా తిరుగుతుంది, అందుకని పాట ఆగిన చోటల్లా పట్టిచ్చేస్తుంది. రీజెన్ అనో రెజొనెన్స్ అనో రాసి ఉన్న గుండీ పెంచేకొద్దీ ఇంకా పెరుగుతుంది. బాస్‌కి ఆ గుండీ బాగా కిందనే ఉంచండి. రేట్ నెమ్మదిగా, డెప్త్ మధ్యలో ఉంటే చాలు. చవక అడాప్టర్ తగిలిస్తే వచ్చే హమ్మింగ్ మరో బాధ. మన కరెంటు 50 హెర్ట్జ్, అడాప్టర్ దాన్ని 100 చేసి పంపిస్తుంది. అది 98లో ఉన్న 'జి' తీగతో గొడవపడి సెకనుకి రెండుసార్లు కొట్టుకుంటుంది. పెడల్‌కి పెడల్‌కి కరెంటు విడివిడిగా ఇచ్చే సప్లై కొనడం దుబారా కాదు. దుకాణంలో చేతులు తీగల మీద వేసి, అవి మోగకుండా ఆపి, పెడల్ ఆన్ చేసి, ఆర్కెస్ట్రాలో పెట్టేంత సౌండ్ పెట్టి కాసేపు వినండి. ఆ పరీక్షకి ఒప్పుకోని చోట కొనకండి.

పులికాట్ వైపు వాళ్ళకి ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలికి జాక్‌లు చిలుం పట్టి టపటపలాడతాయి, తీగలు తుప్పెక్కుతాయి. తంబురా వాళ్ళు వాయించాక తీగలని పొడిబట్టతో తుడిచి గలేబు తొడుగుతారు. పెడల్‌కీ గిటార్‌కీ అదే అలవాటు చేసుకోవాలి.

1979 నుంచి ఎలక్ట్రానిక్ తంబురా ఉంది. బెంగళూరు రాడెల్ వారిది. ఇవాళ ఫోన్‌లోనే శ్రుతి దొరుకుతోంది. ఒంటరిగా సాధన చేసుకునేవాళ్ళకి అది పెద్ద వరమే, కాదనను. కానీ దారం జరుపుతూ చెవి నేర్చుకునే పని అందులో లేదు. మొద్దుకీ గరగరకీ మధ్య ఉన్న ఆ ఒక్క చోటుని వేలితో వెతికిన వాడికి పెడల్ గుండీ ఎక్కడ ఆపాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాత కచేరీలు వినండి. ఆమె ఊపిరి తీసుకునే వ్యవధిలో వెనక తంబురా తనంత తాను నిండుగా ఉంటుంది, ముందుకి మాత్రం రాదు. బాస్ మీద ఫ్లాంజర్ ఉండాల్సిన మోతాదు కూడా అంతే.

మన సంగీత పాఠశాలల పెద్దలకి నాదొక మనవి. కీబోర్డు, గిటార్ నేర్చుకునే పిల్లలని వేరే గదికి పంపెయ్యకండి. నెలకొకసారైనా వాళ్ళ చేతికి తంబురా ఇచ్చి శ్రుతి కలపమనండి, జీవ వెయ్యనివ్వండి. అందుకయ్యే ఖర్చు ఒక నూలుపోగు.