ఎడమ కాలి పాఠం

కర్నూలులో ఏప్రిల్ అంటే పొద్దున ఆరింటికే ఎండ. ఊరి చివర బడి మైదానంలో గడ్డి పరక కూడా ఉండదు. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. ఆ నేల మీద బంతి ఎవరి మాటా వినదు. ఇటు రావాల్సింది అటు పోతుంది, గులకరాయి తగిలితే మోకాలి ఎత్తు లేస్తుంది. పోయిన వారం ఆ మైదానం పక్క టీ బంకు దగ్గర నిలబడిన ఈ కాలమ్ రచయితకు ఒక వింత కనబడింది. పది పన్నెండు మంది పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. కానీ ఒక్కడి నడకా తిన్నగా లేదు. బంతి దగ్గరికి రాగానే ఆగి, కాలు మార్చుకుని, తడబడి తంతున్నారు. గట్టు మీద రిటైరైన పీఈటీ సార్ ఒకాయన విజిల్ పట్టుకుని కూర్చున్నారు. ఎవరి కుడికాలు బంతికి తగిలినా విజిల్. వెంటనే కేక: "కుడిది జేబులో పెట్టుకోరా!"

"ఇదేం ఆట సార్?" అని అడిగితే, "రహీం సాబ్ ఆటప్పా" అన్నారాయన. అంతే, మళ్లీ విజిల్.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' వల్ల కొందరికి తెలిసింది. అందులో అజయ్ దేవ్‌గణ్ వేసిన పాత్ర ఆయనదే. సినిమా ఎక్కువగా 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం చుట్టూ తిరుగుతుంది. ఈ కాలమ్‌కు మాత్రం అంతకు పన్నెండేళ్ల ముందటి కథ కావాలి. రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా వచ్చిన 1950 కథ.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో డిగ్రీ, ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా. వృత్తికి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఈ 'పంతులు' అన్న మాటను పట్టుకుంటే తప్ప ఆయన చేసిన పని అర్థం కాదని ఈ రచయిత అభిప్రాయం. ఆటలో ఆరితేరి కోచ్‌లైన వాళ్లు చాలామంది తాము ఆడినట్టే ఆడమంటారు. పంతులు అలా కాదు. పిల్లవాడికి ఎక్కం నోటికి వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే పై నుంచి కాదు, కింది నుంచి చెప్పమంటాడు. పదమూడో ఎక్కం తలకిందులుగా చెప్పగలిగినవాడికే అది నిజంగా వచ్చినట్టు.

రహీం ఆ పని ఫుట్‌బాల్‌లో చేశారు. ఆటగాడికి బాగా వచ్చినదాన్ని కొంతసేపు లాగేసుకునేవారు. బలమైన కాలు వాడకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో ఆడించుకుంటూ తానే ముందుకు తీసుకెళ్లడం, నిషేధించి మ్యాచ్‌లు ఆడించారు. చిన్న పిల్లల పోటీల్లో వయసు బదులు ఎత్తు కొలిచి చేర్చుకున్నారు. సర్టిఫికెట్ అబద్ధం చెప్పవచ్చు, గోడకు గీసిన గీత చెప్పదు కదా!

డ్రిబ్లింగ్ వద్దంటే ఏమవుతుంది? బంతి ఉన్నవాడి కష్టం సగమే. అసలు కష్టం బంతి లేనివాళ్లది. బంతి ఉన్నవాడు దాన్ని వెంటనే ఎవరికో ఇచ్చేయాలి. ఇవ్వాలంటే పక్కవాడు ఖాళీలోకి వచ్చి నిలబడాలి. అంటే మిగతా పదిమందీ ఊరికే చూస్తూ నిలబడే వీలు లేదు. ఒకడి చేతులు కట్టేస్తే పదిమందికి కాళ్లొచ్చాయన్నమాట. ఎడమ కాలి సంగతీ అంతే. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ వైపు వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకోవడానికి ఒక అడుగు, అర సెకను తీసుకుంటాడు. ఎదుటి జట్టు డిఫెండర్‌కు ఆ అర సెకను చాలు, అడ్డంపడి బంతి లాగేసుకుంటాడు. రెండు కాళ్లూ ఒకటే అయినవాడికి ఆ అప్పు తీర్చే పని లేదు.

మైదానాల్లో కుర్రాళ్లు 'ట్రాప్' అనే ముక్క ఒకటుంది. వచ్చిన బంతిని కాలితో ఆపడం. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది గోలుకు. ఆడేవాళ్లకు తెలిసినది, ట్రాప్ బాగోకపోతే గోలు దాకా కథ నడవదని. గట్టి నేల మీద ఇది మరీ నిజం. మెత్తటి గడ్డి బంతి వేగాన్ని కాస్త తినేస్తుంది. కర్నూలు రేగడి, కడప చుట్టుపక్కల రాతి నేల ఏమీ తినవు. పాదమే మెత్తబడాలి. బంతి తగిలే క్షణంలో కాలిని వెనక్కి లాగి, పసిబిడ్డను చేతుల్లోకి తీసుకున్నట్టు తీసుకోవాలి. ఆనాటి మన ఆటగాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాక గానీ మనవాళ్లకు బూట్లు తప్పనిసరి కాలేదు. బూటు వేసుకున్నాక పాదానికి బంతి కబురు ఆలస్యంగా అందుతుందని పాతతరం వాళ్లు అంటుంటారు. అది బెంగ కావచ్చు, నిజమూ కావచ్చు.

ఇక ఆ 1950 సీజన్. 1948 సెప్టెంబర్ సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. మిలిటరీ గవర్నర్ పాలన నడిచి, 1950 జనవరి 26న హైదరాబాద్ భారత గణతంత్రంలో ఒక రాష్ట్రమైంది. పోలీసు శాఖ పేరు అదే, యజమాని కొత్త. ఆ ఏడాదే సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. 1891లో మొదలైన ఆ పోటీలో చాలాకాలం బ్రిటిష్ రెజిమెంట్లదే రాజ్యం. భారతీయ జట్టు గెలవడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు గెలిచింది బెంగళూరు ముస్లింస్.

రోవర్స్ తర్వాత డ్యూరాండ్. 1888లో సిమ్లాలో పుట్టిన ఈ టోర్నమెంట్ యుద్ధం, దేశ విభజన మూలంగా దాదాపు పదేళ్లు ఆగిపోయింది. కప్పు పాకిస్తాన్‌కు పోకుండా బ్యాంకులో భద్రపరిచారు. మళ్లీ మొదలైంది 1950లో, ఢిల్లీలో. ఫైనల్లో హైదరాబాద్ పోలీసులకు ఎదురు నిలబడింది మోహన్ బగాన్. 1911లో బ్రిటిష్ జట్టును ఓడించి దేశమంతటా కథగా మారిన కలకత్తా క్లబ్. మొదటి మ్యాచ్ 2-2. మళ్లీ ఆడించారు. రెండోసారి 1-0. గెలిచింది దక్కన్ కానిస్టేబుళ్లు. అంతకు ముందు డ్యూరాండ్ గెలిచిన భారతీయ జట్టు ఒక్కటే, 1940లో మహమ్మదన్ స్పోర్టింగ్.

ఒకే సీజన్‌లో దేశంలోని రెండు పెద్ద కప్పులు. ఇంకొకరైతే అక్కడితో చాలనుకునేవారు. రోవర్స్ కప్ ఆ తర్వాత కూడా హైదరాబాద్ వదలలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ లాంటి పేర్లు ఆ రోజుల్లో పాతబస్తీ గల్లీల్లో పిల్లల నోళ్లలో నానేవి.

వీళ్లు ప్రొఫెషనల్సా అని ఎవరైనా అడగవచ్చు. కాగితం మీద కాదు. వాళ్లకు ఉన్నది పోలీసు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. కానీ ఆ ఉద్యోగం లేకపోతే ఆ ఆట లేదు. ప్రపంచంలో చాలా చోట్ల వృత్తి క్రీడ ఇలాగే పుట్టింది. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట వేరు, బంతిని చేత్తో పట్టుకుని ఒకరి మీద ఒకరు పడేది. అయినా వాళ్ల కథా ఇదే. గ్రీన్ బే అనే చిన్న ఊళ్లో 1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు తాను పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీని అడిగి, జెర్సీల కోసం 500 డాలర్లు ఇప్పించుకున్నాడు. జట్టుకు 'ప్యాకర్స్' అన్న పేరు అలా వచ్చింది. 1929లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఆ జట్టు దేశ ఛాంపియనైంది. తర్వాత రెండేళ్లూ కప్పు వాళ్లదే. తమాషా ఏమిటంటే ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. మనకు సంబంధం లేదు లెండి, అక్కడి ఇండియన్లు వేరు.

తేడా ఒకచోట ఉంది. గ్రీన్ బేలో కంపెనీ మాయమైనా ఊరు జట్టును తన సొంతం చేసుకుంది, వాటాలు కొని మరీ నిలబెట్టుకుంది. హైదరాబాద్‌లో జట్టు ఒక శాఖది, ఆట ఒక మనిషిది.

ఆ మనిషి ఎలాంటివాడో చెప్పడానికి తులసీదాస్ బలరాం కథ ఒక్కటి చాలు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, బీద ఇల్లు. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చి, వాటితో ఆట షూ తయారు చేయించుకున్నవాడు. రహీం రమ్మన్న చోటికి రోజూ రావడానికి దారి ఖర్చు లేదు. రహీం రోజుకో రూపాయి ఇచ్చి అద్దె సైకిల్ మీద రమ్మన్నారు. ఆ సైకిల్ కుర్రాడు 1956లో మెల్బోర్న్ వెళ్లాడు. అక్కడ భారత్ సెమీఫైనల్ దాకా వచ్చి నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో మెడలో బంగారు పతకం. అప్పటికి రహీం ఒంట్లో క్యాన్సర్. జకార్తా నుంచి తిరిగొచ్చిన కొన్ని నెలలకే, 1963 జూన్ 11న ఆయన పోయారు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయే దాకా ఆ రూపాయి సంగతి మరచిపోలేదు.

కర్నూలుకు, ఆ జట్టుకు సంబంధం ఏమిటని ఇక్కడి పాఠకుడు అడగడం న్యాయమే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానై, గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజుల్లో హైదరాబాద్ పరాయి రాష్ట్రం. వాళ్ల పోలీసులు వరసగా కప్పులు గెలుస్తుంటే ఇక్కడివాళ్లకు అది పొరుగింటి పెళ్లి. 1956 నవంబర్ 1న హైదరాబాద్ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కర్నూలు రాజధాని హోదా పోయింది, బదులుగా ఆ జట్టు 'మనది' అయింది. కొన్నేళ్లకు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారి, 1961లో ఆ పేరుతోనే డ్యూరాండ్ గెలిచింది. రాజధాని ఇచ్చి ఫుట్‌బాల్ జట్టు తీసుకోవడం మంచి బేరమా కాదా అన్నది వేరే కాలమ్.

రహీం తర్వాత ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. బాగా ఆడేవాళ్లను కలకత్తా క్లబ్బులు ముందు నుంచే పిలుచుకుపోతున్నాయి. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినవాడే. ఊళ్లో ఆ స్థానం క్రికెట్ ఆక్రమించింది. కడపలో క్రికెట్ స్టేడియం కట్టారు, ప్రభుత్వ క్రీడా పాఠశాల వచ్చింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది, అదీ స్పెయిన్ వాళ్ల సాయంతో. మంచిదే. కానీ అక్కడ పాఠం చెప్పేటప్పుడు స్పెయిన్ పొట్టి పాసుల గురించి చెబుతారు గానీ, అలాంటి ఆటనే చాదర్‌ఘాట్ పంతులొకాయన 1950లలో కానిస్టేబుళ్ల చేత ఆడించాడని ఎవరైనా చెబుతున్నారో లేదో. బ్రెజిల్ 1958లో ప్రపంచానికి చూపించిన 4-2-4 వ్యూహాన్ని (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) అంతకు ముందే రహీం ఇక్కడ ఆడించారని ఆట చరిత్ర రాసినవాళ్లు అంటారు. ఈ రచయితకు ఆ గొప్ప కన్నా ఎడమ కాలి టోర్నమెంటే ఎక్కువ నచ్చుతుంది. వ్యూహం బోర్డు మీద గీసి చూపించవచ్చు. ఇష్టంగా వాడుకునే కాలిని పక్కన పెట్టమని ఇరవై ఐదేళ్ల పోలీసును ఒప్పించడానికి పంతులే కావాలి.

ఎండ ఎక్కింది. టీ బంకు ఆయన గ్లాసులు కడుగుతున్నాడు. అంతలో ఒక పొట్టివాడు గట్టిగా తంతే బంతి కాంపౌండ్ గోడ దాటి జిల్లేడు పొదల్లో పడింది. వాడే గోడ దూకి వెతికి తెచ్చాడు. బయటి నుంచి లోపలికి పంపాలి, గోడ ఎత్తుగా ఉంది. అటూ ఇటూ చూసి, సార్ చూడటం లేదనుకుని, కుడికాలు ఎత్తాడు.

విజిల్ మోగింది.

"సార్, నేను బయట ఉండాను కద!" అని గోడ అవతల నుంచి వాడి గొంతు.

"యాడ ఉన్నా ఎడమదే" అన్నారు సార్. పొట్టివాడు బంతి కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కాళ్లు మార్చుకున్నాడు. మొదటిసారి గోడకు తగిలి వెనక్కి వచ్చింది. రెండోసారీ అంతే.